పక్కింటి మామ, ఆయన మందు కూరే తుపాకీ

ఫోన్ మోగినప్పుడు నేను షామ్‌బర్గ్‌లో మా ఇంటి ముందు కారు అద్దం మీద పేరుకున్న మంచు గీకుతున్నాను. చేసింది బెంటన్‌విల్‌లో మా పాత పక్కింటి మామ కూతురు. "నాన్న తెల్లవారుజామున పోయారు. నిద్రలోనే. బంధువులకి ఇంకా చెప్పలేదు, ముందు మీకు చేశాను," అంది. నేనేదో అన్నాను. ఫోన్ జేబులో పెట్టుకుని మళ్ళీ గీకడం మొదలుపెట్టాను.

కాసేపటికి మా ఆవిడ లాప్‌టాప్ సంచీ తగిలించుకుని బయటికొచ్చింది. "బావా, మంచు ఎప్పుడో పోయింది. నువ్వు గీకేది అద్దాన్ని," అంది. అప్పుడు నా మొహం చూసింది. గీకుడుబద్ద నా చేతిలోంచి తీసుకుని, తనే డ్రైవ్ చేసుకుని ఆఫీస్‌కి వెళ్ళింది.

ఆయన గురించి ఇంగ్లీషులో రాసేవాళ్ళు చాలామందే ఉంటారు. ఆయన నడిపిన స్కూలు బస్సు ఎక్కిన పిల్లలంతా ఇప్పుడు పెద్దవాళ్ళయ్యారు. తెలుగులో రాయగలిగినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే, కాబట్టి రాస్తున్నాను. ఆయన మాట్లాడింది వాళ్ళ రాష్ట్రం అర్కాన్సా ఇంగ్లీషు. ముక్కులోంచి, సాగదీసి, సగం మింగేసి మాట్లాడేవారు. నా చెవిలో అది తెలుగులో పడేది. పడినట్టే రాస్తాను.

మాది పాలకొల్లు. తొమ్మిదో తరగతిలో ఒకరోజు పాఠం మధ్యలో లేచి బయటికి వచ్చినవాణ్ణి మళ్ళీ లోపలికి వెళ్ళలేదు. మా మేనత్త కూతురు నా వాటా కూడా కలిపి చదివేసింది. ఆమెని నాకిచ్చి చేశారు, ఆమె వెంట నేను అమెరికా వచ్చాను. తనది ఉద్యోగానికిచ్చే హెచ్-వన్ వీసా, నాది మొగుడికిచ్చే హెచ్-ఫోర్. అప్పట్లో హెచ్-ఫోర్ వాళ్ళు పని చెయ్యడానికి లేదు. అంచేత అమెరికాలో నా ఉద్యోగం మా ఆవిడకి మొగుడుగా ఉండటం. పిల్లల్ని స్కూల్లో దింపి, గిన్నెలు తోమి, అన్నానికి నీళ్ళు పోసేసరికి ఇంకా పది కూడా అయ్యేది కాదు. పాలకొల్లులో అయితే ఎవడో ఒకణ్ణి ఆట పట్టిస్తూ పొద్దు గడిపేవాణ్ణి. ఇక్కడ ఆట పట్టించడానికి వీధిలో మనిషన్నవాడు కనిపించేవాడు కాదు.

అలాంటి ఒక మధ్యాహ్నం ఇంటి వెనక నిలబడి ఉంటే దీపావళి వాసన వచ్చింది. దీపావళి ఎప్పుడో అయిపోయింది. బెంటన్‌విల్‌లో మా ఇల్లు ఊరి చివర, కంచె దాటితే ఆయన పొలం. నేను ముక్కు పట్టుకెళ్ళిన దారినే వెళ్ళాను. షెడ్డు పక్కన తెల్లటి పొగ, పొగలో తోలు టోపీ పెట్టుకున్న పొడుగాటి ముసలాయన, ఆయన చేతిలో ఆయనంత పొడుగున్న జంట గొట్టాల తుపాకీ.

తుపాకీ ఉన్న మనిషి పెరట్లోకి చెప్పకుండా వెళ్ళకూడదని నాకు ఎవరూ చెప్పలేదు. వెళ్ళి నిలబడ్డాను. మా మామ్మ ఇంట్లో పండక్కి ముందు పెరట్లో అందరం కూర్చుని చిచ్చుబుడ్లలో మందు కూరేవాళ్ళం. సూరేకారం, గంధకం, బొగ్గు. ఈయన తుపాకీ మందూ అదే. ఆ సంగతి చెప్పాలని నాకు ఆరాటం, ఇంగ్లీషు చూస్తే అంతంతమాత్రం. ఆయన గ్రిల్ దగ్గరికి పోయి బొగ్గు ముక్క పట్టుకొచ్చి చూపించాను. "ఇది, సల్ఫర్, ఇంకోటి తెల్లది, ఉప్పులా ఉంటుంది," అన్నాను.

ఆయన నన్ను పైకీ కిందకీ చూశారు. "అబ్బాయ్, నువ్వు బాంబులు చేస్తావా?"

"కాదు సార్. పండక్కి. పూలు. ఇంత ఎత్తు లేస్తాయి."

"సార్ అనకు. నేను బస్సు నడిపినవాణ్ణి," అన్నారు. మరేమని పిలవాలని అడిగితే నీ ఇష్టం అన్నారు. మామా అన్నాను. ఆయనకి ఆ పిలుపు నచ్చింది. ఇంటికెళ్ళి చెబితే మా ఆవిడ చపాతీ పిండి కలుపుతూనే అంది, "మామ అంటే ఆయన కూతురు నీకు మరదలవుతుంది. చూసుకో బావా." ఆరోజు నుంచి ఆ అమ్మాయిని సిస్టర్ అని పిలవడం మొదలుపెట్టాను.

రెండో వారంలోనే మామ నన్ను ఆట పట్టించారు. స్నైప్ అని ఒక పిట్ట ఉందిట. పొద్దుగూకే వేళ గోతాం మూతి తెరిచి పట్టుకుని గడ్డిలో కూర్చుంటే, ఆయన అవతలి నుంచి తరుముకొస్తారట. అది పరుగెత్తుకొచ్చి గోతాంలో దూరుతుందట. పాలకొల్లులో కొత్తల్లుళ్ళని కాలవలో ఉప్పుచేపలు పట్టడానికి పంపినవాణ్ణి నేను. నాకు ఆ మాట వినగానే అర్థమైంది. అయినా బుద్ధిగా గోతాం తీసుకుని వెళ్ళి గడ్డిలో కూర్చున్నాను. ఆయన అటు తిరిగి సరాసరి ఇంట్లోకి పోయి వంటింటి దీపం వేసుకున్నారు.

బెంటన్‌విల్ చుట్టూ కోళ్ళ ఫారాలే. కోళ్ళ లారీ మలుపు తిరిగినప్పుడు ఎప్పుడో ఒక కోడి జారి రోడ్డు పక్కన పడి, తానెక్కడున్నదీ తెలియక నిలబడి ఉంటుంది. అలాంటిదాన్ని ఆ మధ్యాహ్నమే మురుగుకాలవ దగ్గర చూశాను. వెళ్ళి పట్టుకున్నాను. గోతాంలో వేసుకుని మామ వంటింటి తలుపు కొట్టాను. ఆయన కాఫీ తాగుతున్నారు, నవ్వు ఆపుకుంటున్నారు.

"దొరికింది మామా," అన్నాను. "మీరు చెప్పినదానికంటే కాస్త లావు."

గోతాం మూతి విప్పాను. కోడి బల్ల మీదికి, బల్ల మీంచి సింకులోకి, అక్కణ్ణించి ఫ్రిజ్ మీదికి పోయింది. మామ దానివంక చూసి, నావంక చూసి, సింకు అంచు పట్టుకుని కూలబడి నవ్వారు. ఆ కోడిని ఆయన కొయ్యలేదు. షెడ్డులో పెట్టుకుని, వచ్చినవాళ్ళందరికీ "ఇదీ ఇండియావాడు పట్టిన స్నైప్" అని చూపించేవారు. నన్ను వేటకి తీసుకెళ్ళింది ఆ వారమే.

ఆ తుపాకీలో తూటా అంటూ ఏమీ ఉండదు. గొట్టం మూతిలోంచి కొలిచి మందు పోయాలి. దాని మీద అట్టబిళ్ళ, దళసరి ఉన్నిబిళ్ళ పెట్టి కర్రతో కూరాలి. ఆ పైన ఆవగింజల్లాంటి సీసపు గుళ్ళు, అవి ఒలికిపోకుండా ఇంకో పలచటి బిళ్ళ. ఇదంతా ఒక గొట్టానికి. రెండోదానికి మళ్ళీ మొదటినుంచీ. అప్పుడు వెనక చిటికెనవేలి గోరంత రాగి టోపీలు తొడగాలి. వాటి మీద సుత్తి పడితే నిప్పు పుట్టేది. అవి తొడిగేదాకా అది తుపాకీ కాదు, బరువైన కర్రే. ఇంత చేస్తే రెండంటే రెండు దెబ్బలు. తర్వాత కుందేళ్ళు వచ్చి మన ఎదురుగా చుట్టచుట్టుకుని పడుకున్నా చేసేదేం లేదు.

కూరుతున్నప్పుడు మాట్లాడకూడదు. అది ఆయన మొదటి నియమం, నాకు మాత్రం చచ్చే చావు. మొదటిరోజు నేను మా ఊరి సంగతేదో ఎత్తుకుంటే ఆయన చెయ్యి ఆపేశారు. పోసిన మందు కింద పారబోసి మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ నోరు విప్పాను. మళ్ళీ పారబోశారు. కోప్పడలేదు. మూడోసారి నేను నోట్లో రుమాలు కుక్కుకున్నాను.

"మాట మధ్యలో పోసిన మందు ఎక్కడికి పోయిందో ఎవడికీ తెలీదు," అన్నారు, అంతా అయ్యాక. మా మామ్మ కూడా చిచ్చుబుడ్లు కూరేటప్పుడు ఎవర్నీ మాట్లాడనిచ్చేది కాదు. ఆవిడ అయితే నెత్తిమీద మొట్టేది. పద్ధతి ఒకటే.

నడుం ఎత్తు ఎండుగడ్డిలో నడిచాం. ఉన్నట్టుండి కాళ్ళ దగ్గర్నించి కుందేలు లేచింది. పెద్ద ఢాం, మొహమంతా తెల్లటి పొగ. ఆయన టక్కున వంగి పొగ కిందనుంచి చూస్తున్నారు. పొగ అవతల ఏమైందో చూద్దామని నేను పక్కకి పరుగెత్తాను. కుందేలు ఎప్పుడో వెళ్ళిపోయింది. మామ మాత్రం బంగారం దొరికినవాడిలా ఉన్నారు.

"పొగ తేలేదాకా మనమే మొనగాళ్ళం అబ్బాయ్," అన్నారు.

ఊళ్ళో ఏ దుకాణంలో చూసినా టకటకా పేలే తుపాకులుంటే ఇంత తిప్పలెందుకని ఒకసారి అడిగాను. అలాంటిది ఆయన దగ్గరా ఉంది, బీరువాలో పడేశారు. "అది పట్టుకెళ్తే కుందేలు దొరుకుతుంది. ఇది పట్టుకెళ్తే పూట దొరుకుతుంది," అన్నారు. నాకు వెంటనే ఎక్కలేదు. నాలుగైదుసార్లు వెళ్ళాక ఎక్కింది. రెండే దెబ్బలున్నాయని తెలిసిన మనిషి ప్రతి కదలికకీ చెయ్యెత్తడు, ముందు చూస్తాడు. ఆ చూడటంలో ఎండుటాకు మీద గాలి ఎటునుంచి వస్తుందో, కుందేలు ఏ పొద దగ్గర ఆగి వెనక్కి తిరుగుతుందో తెలుస్తుంది. దెబ్బ వేశాక మళ్ళీ కూరేంతసేపు వేట ఆగిపోతుంది. పొలం అంతా మళ్ళీ సద్దుమణుగుతుంది. మనమూ సద్దుమణుగుతాం. నేను జన్మలో అంతసేపు నోరు మూసుకుని కూర్చున్నది ఆ పొలంలోనే. మా ఆవిడకి ఈ సంగతి చెబితే ఆ తుపాకీ ఒకటి కొనిస్తానంది.

వేట అయ్యాక అసలు పని. ఆ మందు మసి రాత్రంతా ఉంచితే ఇనుము తినేస్తుంది. ఇంటికి రాగానే గొట్టాలు ఊడదీసి సబ్బునీళ్ళు మరగకాచి కడగాలి. కుళ్ళిన కోడిగుడ్ల వాసన. "గ్యారేజ్‌లోనే బట్టలు విప్పెయ్ బావా, ఆ కంపుతో లోపలికొచ్చావంటే ఊరుకోను," అనేది మా ఆవిడ. కుందేలు దొరికిన రోజున మాత్రం అల్లంవెల్లుల్లీ, గసగసాలూ నూరి తనే వండేది. తింటుంటే ఒక్కోసారి పంటికింద సీసపు గుండు తగిలేది. మామ కళ్ళనీళ్ళు కారుస్తూ తినేవారు. "తుపాకీ కంటే ఈ కూర గట్టిగా పేలుతోంది," అనేవారు. అని మళ్ళీ వడ్డించుకునేవారు.

ఇలా కొన్ని చలికాలాలు గడిచాయి. ఒకరోజు పొలం నుంచి వస్తూ మామ పికప్ ట్రక్కుని ఇంటివైపు కాకుండా ఊళ్ళోకి తిప్పారు. ఒక మూల ఆపారు. ఎవరూ లేరు. కాసేపు ఆగి, అద్దంలో చూసుకుని, మళ్ళీ కదిలారు. ఇంకో మూల ఆపారు. నాతో ఎకసెక్కం ఆడుతున్నారనుకున్నాను. నేనూ తగ్గకుండా, ఆగిన ప్రతిచోటా తలుపు తీసి ఎవరినో ఎక్కించుకున్నట్టు "రండి రండి, లోపలికి జరగండి" అన్నాను. ఆయన నవ్వలేదు. అది పాత బస్సు రూటని ఆయన కూతురు చెప్పాక తెలిసింది.

ఆ చలికాలమే రెండో సంగతి జరిగింది. మామ మందు కూరడం అయిపోయాక కర్రని గొట్టంలో దింపి చూసుకునేవారు. మందు సరిగ్గా పడితే కర్ర మీది గీత గొట్టం మూతితో సమంగా ఉంటుంది. ఆరోజు ఎడమ గొట్టంలో ఆ గీత జానెడు పైకి నిలబడింది. కుడిదాంట్లో కర్ర అట్టడుగుదాకా జారిపోయింది. రెండు గొట్టాల్లో పోయాల్సింది ఒకదాంట్లోనే పోశారు. ఆయన కూరుతున్నంతసేపూ నేను ఒక్క మాటా మాట్లాడలేదు, గాలి కూడా లేదు. ఆయన ట్రక్కు వెనక పలక మీద కూర్చుండిపోయారు.

"పేల్చి ఉంటే?" అన్నాను.

"నా చెయ్యి పోయేది. నువ్వు ఎడంపక్కనున్నావు. నీ మొహం పోయేది," అన్నారు. తర్వాత కర్ర చివర మర తగిలించి కూరినదంతా కొద్దికొద్దిగా బయటికి లాగారు. అది చాలాసేపు పట్టింది.

ఆ ఆదివారం కూతురు వచ్చింది. దాచిపెట్టడం ఆయనకి చేతకాదు. అడక్కముందే చెప్పేశారు. డాక్టరు మతిమరుపు మొదలైందని చెప్పి అప్పటికే కొన్నాళ్ళయిందని నాకు ఆరోజు వాళ్ళ వంటింటి బల్లదగ్గరే తెలిసింది.

"తుపాకీ నా కారులో పెట్టు నాన్నా," అంది ఆ అమ్మాయి.

"ఇస్తాను. ఈరోజు కాదు."

"మరెప్పుడు? నీ చెయ్యి పోయాకా?"

"ఎప్పుడు ఆపాలో నేను చెప్తాను. బస్సు నడపడం ఆపమని నాకు ఆఫీసువాళ్ళు కాగితం ఇచ్చారు. ట్రక్కు తాళాలు రేపో మాపో నువ్వు తీసుకుంటావు. ఇదొక్కటీ నేనే ఆపుతాను. నన్ను ఆపనీ."

ఆయన గొంతు పెంచలేదు. ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుని నావైపు తిరిగింది. "మీరు పక్కనుంటారుగా. మీరు చెప్పండి, ఇది సేఫా?"

"ఇప్పుడు కాదు సిస్టర్," అన్నాను. మామ నావంక అదోలా చూశారు. "ఒక్క వారం టైమివ్వండి," అన్నాను ఆ అమ్మాయితోనే.

నాకు ఆలోచన వచ్చింది మా వంటింట్లో. మా ఆవిడ పోపు వేస్తూ ఫోన్ మాట్లాడుతోంది. ఆవాలు వేసిందో లేదో మర్చిపోయి పోపుల డబ్బాలోకి చూసుకుంది. మామకి కావలసింది అదే. మతిలో పెట్టుకోనక్కర్లేకుండా కంటికి కనిపించాలి. పోపుల డబ్బా ఖాళీ చేసి, తోమి, గంజి వార్చినంత శ్రద్ధగా ఆరబెట్టాను. ఏడు గిన్నెలు. ఎడమవైపు మూడు ఎడమ గొట్టానికి: ఒకదాంట్లో ముందే కొలిచి బిరడా పెట్టిన వేలెడు మందు గొట్టం, ఒకదాంట్లో బిళ్ళలు, ఒకదాంట్లో అలాంటిదే గుళ్ళ గొట్టం. కుడివైపు మూడు కుడిదానికి. నడిమి గిన్నెలో రాగి టోపీలు. గిన్నె ఖాళీ అయితే అందులోది తుపాకీలో ఉన్నట్టు. నిండుగా ఉంటే లేనట్టు. రెండు గొట్టాలూ పేలాకే డబ్బా మళ్ళీ నింపేది. నింపేది నేను.

"పోపుల డబ్బా ఏదీ?" అంది మా ఆవిడ సాయంత్రం.

"వేటకెళ్ళింది."

"అమ్మ బెజవాడ నుంచి మోసుకొచ్చింది బావా అది."

"మామ మొహం చూసి వదిలెయ్యి," అన్నాను. మెంతులూ ఆవాలూ ఆ ఏడంతా ఐస్‌క్రీమ్ డబ్బాల్లో బతికాయి.

మామ మొదట ఒప్పుకోలేదు. డబ్బా మూత తీసి వాసన చూశారు. ఎంత తోమినా ఇంగువ పోలేదు. "నేను కుందేల్ని కొట్టడానికి వెళ్తున్నానా, తాలింపు పెట్టడానికి వెళ్తున్నానా?" అన్నారు. అయినా రోజూ మధ్యాహ్నం పెరట్లో కూర్చుని ఇద్దరం సాధన చేశాం, మందు బదులు ఇసకతో.

వారం తిరిగి ఆ అమ్మాయి వచ్చింది. మామ ఎదురుగా కుర్చీ వేసుక్కూర్చుంది. ఆయన ఇసకతోనే మొదలుపెట్టారు. ఆమె కూడా మొదలుపెట్టింది.

"నాన్నా, నీలం కోటు ఎక్కడ పెట్టావు?"

ఆయన చెయ్యి ఆగింది. "ముందు గదిలో."

"అక్కడ లేదు. అమ్మ ఉన్నప్పుడు కొన్నది. అమ్మతో ఆరోజు ఎక్కడికెళ్ళారు?"

అది అన్యాయమైన దెబ్బ. ఆయన తలెత్తి పొలం వైపు చూశారు. ఆరోజు గురించి నిజంగానే చెప్పడం మొదలుపెట్టారు. వాన, సరస్సు, ఆవిడ చెప్పు తెగడం. చెప్పడం అయిపోయాక చేతిలో కర్ర చూసుకున్నారు. ఎక్కడున్నారో తెలీలేదు. అది ఆయన మొహంలో కనిపించింది. ఆ అమ్మాయికీ కనిపించింది. నేను కింది పెదవి పళ్ళ మధ్య నొక్కిపెట్టుకుని కూర్చున్నాను, ఎందుకంటే నేను సాయం చేస్తే లెక్కలోకి రాదు.

ఆయన డబ్బాలోకి వంగారు. ఎడమ గిన్నెలు: మొదటిది ఖాళీ, రెండోదాంట్లో పలచటి బిళ్ళ ఒక్కటే, మూడోది నిండు. గుళ్ళ గొట్టం తీసుకుని ఎడమ గొట్టంలో పోశారు. బిళ్ళ పెట్టి కూరారు. కుడివైపుకి వచ్చారు. ఆమె ఇంకా ఏవేవో అడుగుతూనే ఉంది. చివర కర్ర దింపితే గీత రెండింట్లోనూ మూతికి సమంగా నిలబడింది.

ఆ అమ్మాయి డబ్బాని చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి చూసింది. "ఇదేం వాసన?" అంది.

"ఇంగువ, సిస్టర్."

"ఈ ఒక్క చలికాలం," అంది, నాతో కాదు, ఆయనతో.

ఆ చలికాలం మామకి పూటలు బాగానే దొరికాయి. కుందేళ్ళు కూడా దొరికాయి, కాని ఆయన అవి లెక్కపెట్టుకునే మనిషి కాదు. వేటలో దూరానికి కనిపించే నారింజరంగు చొక్కాలు వేసుకుని ఇద్దరం గడ్డిలో కూర్చునేవాళ్ళం, మధ్యలో పోపుల డబ్బా. ఎవరైనా చూస్తే పిక్నిక్‌కి వచ్చిన అగ్నిమాపక దళం అనుకునేవాళ్ళు. ఒక్కోసారి నా పేరు మర్చిపోయేవారు. అబ్బాయ్ అని మొదటినుంచీ పిలవడం వల్ల అది మా ఇద్దరికీ ఇబ్బంది కాలేదు.

చలి తగ్గుముఖం పట్టిన ఒక ఉదయం. గాలి లేని రోజు. ఆయన ఎడమ గొట్టం కూరి పూర్తి చేశారు. మా ముందు కొంచెం దూరంలో కుందేలొకటి గడ్డిలోంచి చెవులు పైకి పెట్టి చూస్తోంది. ఆయన దానివంక చూశారు. తర్వాత తుపాకీవంక చూశారు.

"దీంట్లో మందు ఎవరు పోశారు?" అన్నారు.

"మీరే మామా. ఇప్పుడే."

డబ్బాలోకి చూశారు. ఎడమ గిన్నెలు ఖాళీ. కర్ర దింపారు. గీత సమంగా ఉంది. కర్ర బయటికి తీసి మోకాళ్ళ మీద పెట్టుకున్నారు.

"డబ్బా చెప్తోంది. కర్ర చెప్తోంది. నువ్వు చెప్తున్నావు. నేనొక్కణ్ణే చెప్పలేకపోతున్నాను," అన్నారు.

నేను డబ్బాలోకి చూశాను. కుడివైపు గిన్నెలు నిండుగానే ఉన్నాయి. ఆయన నడిమి గిన్నెలోంచి ఒక్క టోపీ తీసుకుని, మూత పెట్టేసి, నొక్కి, అది సరిగ్గా కూర్చుందో లేదో బొటనవేలితో చుట్టూ తడిమారు. లేచి నిలబడ్డారు. ఎడమదానికి టోపీ తొడిగి, కుందేలుకి ఎదురుదిక్కున ఉన్న మట్టిగట్టు వైపు తిరిగి పేల్చారు. కుందేలు ఎటో పోయింది. పొగ తేలేదాకా నిలబడి చూశారు. తుపాకీ నా చేతుల్లో పెట్టారు.

"అయిపోయింది. ఇది నేను చెప్తున్నాను. ఎవరు చెప్తున్నారు?"

"మీరు."

"నేను మర్చిపోతాను అబ్బాయ్. నువ్వు మర్చిపోకు."

ఆ ఆదివారం ఆయనే తుపాకీ తుడిచి, నూనె రాసి, కూతురి కారు డిక్కీలో స్వయంగా పెట్టారు. ఆ అమ్మాయి ఆయన్ని పట్టుకుని నిలబడింది. పోపుల డబ్బా మా ఇంటికి తిరిగి వచ్చింది. మా ఆవిడ దాన్ని వేడినీళ్ళలో మరిగించి, మరిగించి, చివరికి కొత్తది కొనుక్కుంది.

ఆయన అన్నట్టే మర్చిపోయారు. వసంతంలో ఒకరోజు కంచె దగ్గరికొచ్చి నిలబడ్డారు. నా తుపాకీ పోయింది, మా అమ్మాయే ఎత్తుకుపోయింది అన్నారు. మొహం ఎర్రగా ఉంది. ఆ అమ్మాయిని అంతకుముందే ఫోన్‌లో తిట్టారట, ఆమె ఏడ్చిందట. నేను కంచె దాటి వెళ్ళి ఆయన పక్కన కూర్చుని ఆ ఉదయం మొత్తం మొదటినుంచీ చెప్పాను. డబ్బా, కర్ర, మట్టిగట్టు, ఆయనన్న మాట. ఆయన నోరు కొద్దిగా తెరుచుకుని విన్నారు. "నేనే చెప్పానా?" అన్నారు. "మీరే. నేను పక్కనున్నాను," అన్నాను. ఆయన భుజాలు కిందికి దిగాయి.

అలా చాలాసార్లు చెప్పాను. నేను జీవితంలో ఎన్నో కథలు అల్లాను, అల్లిన ప్రతిసారీ కొంచెం మార్చి చెప్పేవాణ్ణి. ఇది మాత్రం అక్షరం మార్చలేదు. మా ఆవిడ ప్రాజెక్టు షామ్‌బర్గ్‌కి మారాక ఫోన్‌లో చెప్పేవాణ్ణి. ఆ అమ్మాయి ఫోన్ చేసి "ఈరోజు మళ్ళీ అడుగుతున్నారు, నేను చెబితే నమ్మరు," అనేది. నేను ఎక్కడున్నా, కిరాణా కొట్టు వరసలో ఉన్నా సరే, పక్కకి జరిగి మొదలుపెట్టేవాణ్ణి.

ఆయన పోవడానికి కొన్నాళ్ళ ముందు చివరిసారి అడిగారు. నేను ఫోన్‌లో ఎప్పటిలాగే చివరిదాకా చెప్పాను. అంతకుముందెప్పుడూ అడగని మాట ఒకటి అడిగారు.

"తర్వాత ఏం చేశాను?"

"తర్వాత ట్రక్కు దాకా నడిచారు మామా. తుపాకీ నేను మోశాను. మీరు ముందు, నేను వెనక."

"చేతుల్లో ఏం పట్టుకున్నాను?"

"ఏమీ లేదు," అన్నాను. "మొదట కాసేపు వాటిని ఏం చెయ్యాలో మీకు తెలీలేదు. జేబులో పెట్టారు, తీశారు. ఆ తర్వాత రెండూ పక్కలకి చాపి నడిచారు."

చెబుతుంటే నాకు మళ్ళీ కనిపించింది. నడుం ఎత్తు ఎండుగడ్డి, దాని మీద ఇంకా ఆరని మంచు, నారింజరంగు చొక్కాలో పొడుగాటి మనిషి. చాపిన అరచేతుల కింద గడ్డికంకులు వంగుతున్నాయి, ఆయన దాటగానే ఒక్కొక్కటే లేచి నిలబడుతున్నాయి.